సేమియా ఐసు – చల్లదన మెవరి సొత్తు?

కడపసీమ యెండలను గూర్చి యా సీమవారికి వేరుగా చెప్ప నక్కరలేదు. వైశాఖము ప్రవేశించునప్పటికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధులలో మధ్యాహ్నవేళ కాకి యైనను వాలదు. ఉష్ణమాపకము 40 డిగ్రీలు దాటుట యచ్చట వింత కాదు. ముంగిట పరచిన నాపబండ పాదమును కాల్చును. పెన్నలో ఇసుక తెల్లగా మెరయును గాని నీరు కానరాదు. అట్టి యెండలో రెండు తరముల పిల్లలకు ప్రాణము లేచివచ్చునట్లు చేసిన పదార్థ మొకటి కలదు. అది మీగడతో చేసిన ఖరీదైన ఐస్‌క్రీము కాదు. పుల్లకు గ్రుచ్చిన తియ్యని మంచుముక్క. దాని కొనయందు పిడికెడైనను లేని సేమియాపోగులు. దానినే సేమియా ఐసనియు, పుల్ల ఐసనియు మనవారు పిలిచిరి.

ఇంత చిన్నవస్తువునకు చరిత్ర యేమి యని సోదరీమణులు నవ్వవచ్చును. కాని దీని వెనుక చక్రవర్తుల పానశాలలు కలవు. సముద్రములు దాటి వచ్చిన యోడలు కలవు. చెన్నపట్టణమున బాలవితంతువులకు నీడనిచ్చిన యొక భవనము కలదు. వేరొక ఖండమున నొక బాలుడు రాత్రి బయట మరచిపోయిన గ్లాసొకటి కలదు. అన్నిటికంటె ముఖ్యముగా, చల్లదన మెవరి సొత్తు అను ప్రశ్న కలదు. దానిని గూర్చియే మేమీ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

వీధిలోని పెట్టె

1970, 80 ప్రాంతములయందు బాల్యము గడపినవా రందరును ఆ పెట్టెను ఎరుగుదురు. సైకిలు వెనుక కట్టిన కొయ్యపెట్టె, దానిలోపల రేకు, రెంటికి నడుమ వేడి చొరకుండ నింపిన పొట్టు. హాండిలునకు రబ్బరుబుడ్డి గల కొమ్ము. ఐసు అమ్మువాడు దానిని నొక్కినచో వచ్చు ధ్వని నిద్రపోవు పిల్లనైనను లేపును. కొందరు కొమ్మునకు బదులుగా పెట్టెమూతనే టపటప కొట్టుచుండిరి. “ఐసో... సేమియా ఐసో... పాలైసో...” అను కేక వీధిచివర వినబడగానే చాపపై పడుకొన్న పిల్లలు చెంగున లేచి, “జేజీ, ఐసాయప్ప వచ్చినాడు, చెనిక్కాయలు ఇయ్యవా?” అని ముసలమ్మ కొంగు పట్టుకొనుచుండిరి.

అవును, డబ్బే కావలెనను నియమము లేదు. చదరపు అయిదుపైసల బిళ్ల యుండిన నది. లేనిచో దోసెడు వేరుసెనగకాయలు, గుప్పెడు చింతపండు, పాత యినుపముక్క, ఖాళీ సీసా. ఐసు అమ్మువాని సైకిలునకు ఒకప్రక్క సంచి వ్రేలాడుచుండుట అందుకే. విరిగినదని చెప్పి మంచి గరిటెనే యిచ్చి ఐసు తిన్న పుత్రరత్నములును లేకపోలేదు. సాయంకాలము వంటవేళ గరిటె కానరాక యింట జరిగిన విచారణలు మా పాఠకురాండ్రలో పెక్కుమందికి జ్ఞాపకముండును. ఆ అయిదుపైసల బిళ్ల మొదలు పావలా వరకు గల నాణెములన్నియు 2011 జూన్ 30తో చెలామణి తప్పినవి. వానితో కొనిన యా రుచి మాత్రము జ్ఞాపకమున చెల్లుచునే యున్నది.

ఐసులలోను తరగతు లుండెను. అన్నిటికంటె చవక రంగు ఐసు: నీరు, తీపి, ఎరుపో నారింజయో రంగు. దానిని గట్టిగా పీల్చినచో తీపియు రంగును నోటికి వచ్చి, చేతిలో తెల్లని మంచు మిగులును. పంచదారనీరు తాను గడ్డకట్టక మంచుపలుకుల సందులలో నిలిచియుండుటయే దీనికి కారణము. దానిపై తరగతి సేమియా ఐసు. అంతకుపై పాలైసు. సేమియా ఐసు కొన్న పిల్లవానికి తోటివారిలో కొంత గౌరవ ముండెడిది. పాయసము పండుగనాటి పదార్థము గదా! పండుగ కాని దినమున, వీధిలో, పాయసపు రుచి దొరకుట సామాన్యమా?

కుండయు సుగంధియు

ఐసు రాకపూర్వము మనసీమవారు చల్లదన మెరుగనివారు కారు. ఇంట నొకమూల తడియిసుకపై నిలిపిన మట్టికుండయే మన తొలి శీతలయంత్రము. కుండ గోడలలోని సన్నని రంధ్రములగుండ నీరు కొంచెము కొంచెముగా ఊరి బయటకు వచ్చి, గాలికి ఆవిరియై పోవుచు, లోపలి నీటి వేడిని తనతో గొనిపోవును. గాలి పొడిగా ఉన్నకొలది ఈ పని చక్కగా సాగును. కనుకనే సముద్రతీరపు కుండనీటికంటె కడపసీమ కుండనీరు చల్లన.

దానికి తోడు సుగంధి. నల్లమల, పాలకొండ అడవులలో తీగగా ప్రాకు సుగంధిపాల వేళ్లను ఎండబెట్టి, నలుగగొట్టి, మరిగించి, పంచదార కలిపి పాకము చేసి యుంచుకొందురు. దీనినే నన్నారి యందురు. రెండుచెంచాల పాకము, అరచెక్క నిమ్మరసము, కుండనీరు: ఇంతే షర్బత్తు. నేటికిని రాయలసీమ పట్టణములలో వేసవి వచ్చిన ఈ షర్బత్తు బండ్లు వీధివీధిని వెలయును. పులివెందుల ప్రాంతపు చీనీతోటల పండ్లరసము, పలుచని మజ్జిగ, తాటిముంజలు, పానకము – ఇవన్నియు చలువచేయునవే. కాని యివి యెంత చల్లనివైనను నీటిచల్లదనమును దాటలేవు. పండ్లు జివ్వుమనిపించు మంచు మాత్రము మన యెండసీమకు దూరదేశపు వార్తగానే యుండెను.

చక్రవర్తి మంచు

అక్బరు పానశాలను గూర్చి అబుల్ ఫజలు తన ఐనీ అక్బరీలో వివరముగా వ్రాసినాడు. తొలుత సూరేకారముతో నీటిని చల్లార్చుచుండిరట. ఒక శేరు నీటిని లోహపు కూజాలో పోసి మూతి బిగించి, 5 శేర్ల నీటిలో రెండున్నర శేర్ల సూరేకారము కలిపిన తొట్టిలో ఆ కూజాను పావుగంట త్రిప్పినచో లోపలి నీరు చల్లనగునని యాతడు లెక్కతో సహా చెప్పినాడు. సూరేకారము నీటిలో కరగునప్పుడు చుట్టునున్న వేడిని పీల్చుకొనుటయే యిందలి మర్మము. 1586లో రాజపరివారము పంజాబునకు పోయిన పిమ్మట, లాహోరునకు 45 కోసుల దూరముననున్న కొండలనుండి పడవలపైనను, బండ్లపైనను, మనుష్యుల భుజములపైనను మంచు తెప్పించుచుండిరి.

ఈ వృత్తాంతమున మన మరువరాని దేమనగా, చల్లదనము దొరకు చోట నుండి కోరు చోటికి మోసితెచ్చు శక్తి గలవారికే యది దక్కినది. మోసినవాని నాలుక పై ఒక్క పలుకైనను పడినదో లేదో చరిత్రకారుడు వ్రాయలేదు.

చెన్నపట్టణపు మంచుటిల్లు

పందొమ్మిదవ శతాబ్దిలో మంచు సముద్రమార్గమున మనదేశమునకు వచ్చినది. అమెరికాలోని బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడరు చలికాలమున గడ్డకట్టిన చెరువులనుండి మంచును రంపములతో కోయించి, ఓడల కెత్తి, ఉష్ణదేశములకు పంపుచుండెను. 1833 మే నెలలో ‘టస్కనీ’ యను నోడ 180 టన్నుల మంచుతో బోస్టను విడిచి, నాలుగు నెలల ప్రయాణము పిదప సెప్టెంబరున కలకత్తా చేరినది. దారిలో కరగిపోగా సుమారు 100 టన్నులు మిగిలెను. నాలుగు నెలలు సముద్రముపై సాగినను సగమునకు మించి నిలుచుట ఆనాటివారికి ఆశ్చర్యము గొల్పినది.

కలకత్తా, బొంబాయి, మదరాసు మూడుపట్టణములందును మంచును దాచుటకు ప్రత్యేకముగ కట్టడములు వెలసినవి. మదరాసులో 1842లో సముద్రపుటొడ్డున గుండ్రని గోడలతో కట్టినది నేటికిని నిలిచియున్నది. తక్కిన రెండును పోయినవి. ఆ మంచు దొరల పానీయములకును, ఆస్పత్రులలో జ్వరరోగులకును వినియోగపడెను. తరువాత ఆవిరియంత్రముతో మంచు చేయు విద్య వచ్చెను. 1874లో మదరాసులోనే ఇంటర్నేషనల్ ఐస్ కంపెనీ ఏర్పడగా ఓడల మంచు వ్యాపారము క్రమముగా నశించెను.

ఆ ఖాళీపడిన మంచుటింటి కథ స్త్రీలమగు మనకు విశేషముగ తెలియదగినది. దానిని బిళిగిరి అయ్యంగారను న్యాయవాది కొని నివాసమునకు తగినట్లు మార్చెను. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానందులు పాశ్చాత్యదేశముల నుండి మరలి వచ్చి తొమ్మిది దినము లచ్చటనే బస చేసిరి. పిమ్మట 1917లో ప్రభుత్వము వారు దానిని తీసికొనగా, సోదరి సుబ్బలక్ష్మి నడపిన బాలవితంతువుల గృహమున కది వసతియైనది. సుబ్బలక్ష్మి 1886లో జన్మించి, పదునొకండేండ్లకే వైధవ్యము పొంది, తండ్రి ప్రోత్సాహముతో చదివి 1911లో పట్టపరీక్ష నెగ్గిన వీరవనిత. శిరోముండనమునకును, ఒంటిపూట భోజనమునకును, ఇంటిమూలకును విధింపబడిన బాలికలు అచ్చట పుస్తకములు పట్టి, పరీక్షలు నెగ్గి, ఉపాధ్యాయినులై బయటకు వచ్చిరి. మంచు కరగిపోయినది గాని దానికొరకు కట్టిన గోడలు పడతుల కుపయోగపడినవి. 1963లో స్వామి శతజయంతి సందర్భమున దానికి వివేకానందుల పేరు పెట్టిరి.

పుల్ల యెట్లు వచ్చెను?

మంచు దొరకగానే ఐసు పుట్టలేదు. మంచుతో మరియొక పదార్థమును గడ్డకట్టించుటకు ఉప్పు కావలెను. దంచిన మంచులో ఉప్పు కలిపినచో మంచు కరగును గాని యా మిశ్రమము సున్నకు దిగువగా 20 డిగ్రీల వరకు చల్లబడగలదు. అందులో పాలగిన్నె నుంచిన పాలు గడ్డకట్టును. మన ఉత్తరాదివారి కుల్ఫీ యీ ఉపాయముతోనే తయారగును. 1843లో ఫిలడెల్ఫియా నగరమున నాన్సీ జాన్సను అను స్త్రీ, ఉప్పుమంచు బానలో నుంచి చేతితో త్రిప్పు గిన్నెకు హక్కుపత్రము పొందెను. గంటలకొలది చేతులు పడిపోవునట్లు గిలకొట్టవలసిన శ్రమ దానితో తగ్గెను. 1885లో లండనున ఆగ్నెస్ మార్షలు ఐసులను గూర్చియే యొక గ్రంథము ప్రకటించెను. చల్లని మిఠాయిల చరిత్రలో స్త్రీల పాలు తక్కువ కాదని చెప్పుటకే వీరి పేర్లు వ్రాసితిమి.

అయితే వీధిలో అమ్ముటకు పాత్ర యొక చిక్కు. లండను వీధులలో చిన్న గాజుపాత్రలో ఐసు పెట్టి యిచ్చెడివారు. కొన్నవాడు నాకి తిరిగి యిచ్చినచో, దానినే తూతూమంత్రముగ కడిగి మరియొకనికి ఇచ్చెడివారు. క్షయ మున్నగు రోగములు దీనివలన వ్యాపించునను భయముతో పందొమ్మిదవ శతాబ్ది తుదిలో దానిని నిషేధించిరి. ఐర్లండులో మరియొక త్రోవ త్రొక్కిరి: ఐస్‌క్రీము ముద్దను కత్తితో పలకగా కోసి రెండు పలుచని బిస్కత్తు రేకుల నడుమ నుంచి యిచ్చుట. డబ్లిను చెంత హ్యూజెస్ సోదరులు 1926లో ఐస్‌క్రీము చేయ నారంభించినది మొదలు ఆ దేశపు ముసలివారందరికి ఆ పలక బాల్యస్మృతి యైనది. మనకు పుల్ల యెట్లో వారికి ఆ రేకు లట్లు.

పుల్ల సంగతి వినుడు. 1905లో కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రాంక్ ఎపర్సన్ అను పదునొకండేండ్ల బాలుడు గ్లాసులో తియ్యని పానకపుపొడి నీట కలిపి, కలుపుపుల్లతో సహా వసారాలో మరచిపోయెను. రాత్రి గడ్డుచలికి అది గట్టిపడెను. ఉదయము పుల్ల పట్టుకొని లాగగా ముద్ద మొత్తము చేతికి వచ్చెను. పెద్దవాడైన పిదప 1923లో దానిని జనులకు అమ్మి చూచి, 1924లో హక్కుపత్రము పొందెను. 1920 ప్రాంతముననే ఒహాయో రాష్ట్రమున హారీ బర్టు అను మిఠాయివర్తకుడు, చాక్లెట్టు పూసిన ఐస్‌క్రీము చేతికంటుచున్నదని కుమార్తె చెప్పగా, కుమారుని సలహాపై పుల్ల గ్రుచ్చెను. ఇట్లు పాత్ర యక్కరలేని, కడుగ నక్కరలేని ఐసు లోకమున కవతరించినది.

మన యూళ్లలో తయారైన విధము

విద్యుచ్ఛక్తి ఊళ్లకు వచ్చిన పిమ్మటనే ఐసుఫ్యాక్టరీలు వచ్చినవి. పేరు గొప్పదే గాని, చాలవరకు అది యొక రేకులకొట్టమో, పాతయింటి వసారాయో. లోపల అమ్మోనియా వాయువును యంత్రము నొక్కి ద్రవముగ జేయును. ఆ ద్రవము గొట్టములలో మరల ఆవిరియగునప్పుడు చుట్టునున్న వేడిని లాగికొనును. గొట్టములు మునిగియున్న పెద్దతొట్టిలో ఉప్పునీ రుండును. మంచినీరు సున్నకే గడ్డకట్టును గాని చిక్కని ఉప్పునీరు అంతకు ఎంతయో దిగువకు పోయినను ద్రవముగనే యుండును. ఆ నీటిలో తగరపు పూత గల అచ్చుల చట్రములను దింపుదురు.

అచ్చులలో మొదట ఉడికిన సేమియాను కొంచెము కొంచెముగ వేసి, తీపినీటినో పాలు కలిపిన నీటినో పోయుదురు. బరువుచేత సేమియా అడుగునకు దిగును. సగము గట్టిపడినప్పుడు పుల్లలు గ్రుచ్చుదురు. పూర్తిగా గట్టిపడిన పిదప చట్రమును మామూలునీట నొక్కక్షణము ముంచి తీసినచో ఐసు అచ్చును విడుచును. అచ్చు అడుగు ఐసునకు కొన యగుటచేత సేమియా యంతయు కొననే చేరును. అందుకే మన మొదటి కొరుకులోనే సేమియా తగిలెడిది. తరువాతది వట్టి తీపిమంచు. “మొదలే సేమియా తినేస్తే తర్వాత ఏముంది?” అని దానిని దాచుకొనుటకు ఐసును తలక్రిందుగ తిన యత్నించి, చేయి మోచేతి వరకు కార్చుకొన్నవారును కలరు.

సేమియా వేయుట రుచికొరకే కాదు. ఉడికిన సేమియాలోని గంజి నీటిలో కలిసి మంచుపలుకులను పెద్దవి కానీయక కొంత మెత్తదనము నిచ్చును. పాలు కొద్దియైనను ఐసు చిక్కగా తోచును. పాలధర మండిపోవు కరవుసీమలో తక్కువ పాలతో పాయసపు భ్రమ గొల్పుట సేమియా వలననే సాధ్యమైనది.

వేకువనే సైకిళ్లవారు ఫ్యాక్టరీ ముందు వరుసగ నిలిచి, లెక్కపెట్టి సరుకు తీసికొని, ప్రొద్దుటూరు నుండి పెన్నయొడ్డు పల్లెలకును, జమ్మలమడుగు నుండి గండికోట వైపునకును, పులివెందుల నుండి మెట్టపొలముల వైపునకును పోవుచుండిరి. పెట్టెలోని మంచు కరగులోపల అమ్మవలెను. కరగినది వాని నష్టమే. మధ్యాహ్నము మూడుగంటలకు మిగిలిన మెత్తని ఐసులను సగముధరకు ఇచ్చుట వాని దయయును, లెక్కయును గూడ.

గ్లాసు లేని తినుబండారము

ఇక్కడ మేము చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చితిమి. ఆ దినములలో తెలుగుపల్లెల కాఫీహోటళ్లలో పెక్కింట, కొన్ని కులములవారికి గ్లాసు వేరు. ఆ గ్లాసు బయట చూరులో నుండును. త్రాగినవారే కడిగి మరల అచ్చట పెట్టవలెను. అస్పృశ్యతను రాజ్యాంగము 1950లో 17వ అధికరణముచే రద్దుచేసినను, చూరులోని గ్లాసు చాలకాలము దిగలేదు. కాని ఐసు పెట్టెయొద్ద గ్లాసే లేదు. పుల్ల యెవరిది వారిదే. ఊరిలోని పిల్లయు, వాడలోని పిల్లయు ఒకే పెట్టెనుండి, ఒకే అచ్చులో తీసిన ఐసును, ఒకే ధరకు కొనిరి. దీనితో కులభేదము పోయినదని చెప్పుట హాస్యాస్పదము. కాని పిల్లల జీవితములో వేరుగ్లాసు లేని మొదటి రుచి యిదియేనని చెప్పుటలో తప్పులేదు.

సెనగచేలలో కాయ వలుచు కూలిస్త్రీల యొద్దకు ఐసువాడు గట్లవెంట సైకిలు త్రోసికొని పోయెడివాడు. మిట్టమధ్యాహ్నము చెట్టునీడ యైనను లేని చేనిలో, వంగిన నడుమును నిలువబెట్టి, దోసెడు కాయ లిచ్చి యొక్క ఐసు తినుట వారికి విలాసము కాదు, విశ్రాంతి.

మరి గడపలోపలి స్త్రీ సంగతి? కోడలు వీధిలో నిలిచి ఐసు చీకుట మర్యాద కాదని పెద్దలు తలచుచుండిరి. పిల్లవాని చేత తెప్పించుకొన్నను అత్తగారి కంట పడకుండ వంటింటిలో లోటాలో పెట్టుకొని తినవలెను. అంతలో నది సగము నీరగును. తనకు కావలెనని చెప్పలేక, “చల్లగా ఉందా నాయనా, ఏదీ చూతము” అని పిల్లవాని ఐసున నొక కొరుకు కొరికిన తల్లులు ఎందరు! మా బాల్యమున మేము దానిని అమ్మ చేసిన అన్యాయమని యేడ్చితిమి. ఆమెకు దక్కిన భాగ మెంతటిదో యిప్పుడు తెలియుచున్నది. చక్రవర్తినుండి దొరలకు, దొరలనుండి వాడలోని పిల్లవానికి చల్లదనము దిగివచ్చినది. ఇంటిలోని స్త్రీకి మాత్రము కరగి చేరినది.

తల్లుల భయము

ఐసు తినవలదని తల్లులు కేకలు వేయుట వట్టి చాదస్తము కాదు. మంచుగడ్డ కట్టినంతమాత్రమున నీటిలోని రోగక్రిములు చావవు. పెక్కు క్రిములు నిద్రించినట్లుండి కరగగానే మేల్కొనును. కాచని, శుద్ధిచేయని నీటితో చేసిన ఐసు టైఫాయిడు, విరేచనములు తేగలదు. రెండవ భయము తీపి. పంచదార కంటె ఎన్నో మడుగులు తీపియైన శాక్రిను 1879లో కనుగొనబడినది. ధర తక్కువగుటచే కొందరు దానిని వాడిరి. నాలుక చివర మిగులు చేదువలన దానిని గుర్తింపవచ్చును. మూడవది, అన్నపానములకు తగని రంగులు. నాలుగవది, చేపలు మున్నగు వానిని నిలువచేయు మంచు తినుమంచులో కలియుట. మహారాష్ట్రలో అధికారులు 2018లో తినరాని మంచునకు నీలిరంగు కలుపవలెనని శాసించుట యిందుకే.

నేడు దుకాణములలో అట్టపెట్టెలో దొరకునవి యన్నియు ఐస్‌క్రీము లని భ్రమపడరాదు. మన దేశపు ఆహారనిబంధనల ప్రకారము ఐస్‌క్రీమున పాలకొవ్వు నూటికి 10 పాళ్లకు తగ్గరాదు. పాలకొవ్వునకు బదులుగ నూనెకొవ్వు వేసినదానిపై ‘ఫ్రోజెన్ డెసర్ట్’ అని వ్రాయవలెను. అది విషము కాదు. కాని పాలధర పెట్టి నూనె కొనుట గృహిణికి తగదు. కొనునప్పుడు చిన్నయక్షరములు చదువుడు. వీధిబండివద్ద నైనచో నీ రెక్కడిదని అడుగుటకు సిగ్గుపడకుడు.

అయితే భయమునకును, చులకనకును భేదము కలదు. చిన్నఫ్యాక్టరీవాని ఐసు మురికిదనియు, పెద్దకంపెనీవారి రంగుకాగితము శుభ్రమనియు ముందే తీర్మానించుట న్యాయము కాదు. మంచినీరు, మంచి పంచదార, కడిగిన అచ్చు – ఈ మూడును ఉన్నచో కొట్టములో చేసినదియు మంచిదే. వానిని కోరి, పరీక్షించి, బాగున్నవానికి బేరమిచ్చుట మనచేతిలోని పని. పదియిండ్ల స్త్రీలు ఒక్కమాటపై నిలిచి “కాచిన నీళ్లయితేనే కొంటాము” అన్నచో ఏ వర్తకుడు వినకుండును?

ఇంటనే చేసికొనుట

శీతలయంత్రము గల యిండ్లలో దీనిని సులభముగ చేయవచ్చును. లీటరు పాలను ముప్పాతిక వంతగునట్లు కాచుడు. 50 గ్రాముల సన్నసేమియాను చెంచాడు నేతిలో దోరగ వేయించి, వేరుగిన్నెలో కొంచెము పాలతో మెత్తగ ఉడికించి విడిగ నుంచుడు. పెద్దచెంచాడు మొక్కజొన్నపిండిని చల్లనిపాలలో ఉండలు కట్టకుండ కలిపి, మరుగుపాలలో పోసి అయిదు నిముషములు కలియబెట్టుడు. 120 గ్రాముల పంచదార, రెండు ఏలకుల పొడి చేర్చుడు. నాలుకకు కొంచెము ఎక్కువ తీపి యనిపించవలెను. చలిలో నాలుకకు తీపి తక్కువగ తెలియును.

పూర్తిగ చల్లారిన పిదప చిన్న స్టీలుగ్లాసుల అడుగున సేమియా వేసి, పైన పాలు పోసి లోపల పెట్టుడు. గంట గడచి కొంచెము గట్టిపడగానే శుభ్రమైన పుల్ల గ్రుచ్చుడు. ఆరేడు గంటలకు గట్టిపడును. గ్లాసును మామూలునీట ముంచి మెల్లగ త్రిప్పిన ఐసు వచ్చును. శీతలయంత్రము లేనివారు మూడుపాళ్లు దంచిన మంచునకు ఒకపాలు ఉప్పు కలిపి, మూతగల గ్లాసులను అందు పాతి, గోనెపట్ట కప్పి యుంచిన అదే ఫలము. ఉప్పునీరు గ్లాసులో చొరకుండ చూచుకొనవలెను.

నే డా సైకిలు పెట్టెలు పల్చబడినవి. మోటారుబండ్లపై పెద్దకంపెనీల తెల్లపెట్టెలు వచ్చినవి. కిరాణాకొట్టుల ముందు అద్దపుమూతల పెట్టెలు నిలిచినవి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరులకు రైలు సైతము వచ్చినది. అయినను వేసవిలో ఆ పల్లెదారుల నప్పుడప్పుడు కొమ్ముధ్వని వినబడుచునే యున్నది. దానిని వినినప్పుడు మన పిల్లలను లోపలికి లాగుటకు ముందు, ఆ పెట్టెలోని నీటిని గూర్చి విచారించి, మంచిదైనచో కొని పెట్టుదము. ఇంట చేసినచో మొదటి ఐసును పిల్లలకును మగవారికిని పంచి కరగినది తాను త్రాగు పాతయలవాటును మాత్రము మానుదము. పొయ్యిముందు నిలిచి పాలు కాచినవారు గట్టిగానున్న ఐసును, కూర్చుండి, తీరికగ, మొదటనే తినుట న్యాయము.